మోతాదు, మనస్సు, సాక్షి

ఏకాగ్రత లోపానికీ అతిచంచలత్వానికీ సంబంధించిన ఏడీహెచ్‌డీకి బ్రిటన్‌లో మందు మొదలుపెట్టేటప్పుడు, తక్కువ మోతాదుతో ఆరంభించి, రక్తపోటును, నాడిని, ఆకలిని, నిద్రను గమనిస్తూ మెల్లగా పెంచే పద్ధతిని టైట్రేషన్ అంటారు. పెద్దవారికి లిస్‌డెక్సాంఫెటమిన్ అనే మందు సాధారణంగా 30 మిల్లీగ్రాములతో మొదలై, గరిష్ఠంగా 70 వరకు వెళ్తుంది. ఎక్కడ ఆగాలో రక్తపరీక్ష ఏదీ చెప్పదు; ఆ గుళిక వేసుకున్న మనిషి మాటే ప్రధాన ప్రమాణం. అయితే మందు ఏ మనస్సును మారుస్తున్నదో, ఆ మనస్సే మార్పు మంచిదో కాదో తీర్పు చెప్పవలసి రావడం తాత్త్వికంగా పెద్ద చిక్కు.

ఈ చిక్కు విషయంలో సాంఖ్య దర్శనం మనస్సును ప్రకృతిలో, అంటే త్రిగుణాత్మకమైన జడతత్త్వంలో, భాగంగా లెక్కించి, చూసే పురుషుణ్ణి వేరుగా నిలిపింది కనుక, మందు వల్ల తాను తానుగా మిగలనేమోనని రోగి పడే భయానికి అక్కడ గట్టి ఊరట దొరుకుతుంది. గీత ఆరవ అధ్యాయంలో చంచలమైన మనస్సుకు కృష్ణుడు అభ్యాస వైరాగ్యాలను ఉపాయంగా చెప్పాడు గాని, దాన్ని ఔషధ నిషేధంగా చదవడం అన్యాయం. ఒకే వాక్యాన్ని నాలుగుసార్లు చదివినా పట్టు చిక్కనివారికి అభ్యాసం మొదలుపెట్టే నిలకడను ఆ గుళికే ఇవ్వవచ్చు.

ప్రైవేటు వైద్యంలో రోగి చెప్పే ఈ సాక్ష్యానికి మరో బరువు తోడవుతుంది. సమీక్షకూ మందుచీటీకీ విడివిడిగా రుసుము కట్టవలసినప్పుడు, మోతాదు స్థిరపడ్డాక బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ కుటుంబ వైద్యుడు చీటీ రాసే బాధ్యత తీసుకునే షేర్డ్ కేర్ ఒప్పందం ఆయన సమ్మతిపైనే ఆధారపడినప్పుడు, సాయంత్రం గుండెదడ తగ్గకపోయినా రోగి "సరిపోయింది" అనేస్తాడు.