ఉద్యోగానికి దూరం వెళ్తే ధర్మం తప్పినట్టేనా?

వలస మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కొత్త కాదు. కానీ 2020 లాక్‌డౌన్‌లో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇళ్లకొచ్చి, అమ్మానాన్నల దగ్గరే ఉండి పనిచేశారు. తర్వాత కంపెనీలు వెనక్కి పిలిచాయి. 2023 అక్టోబరు నుంచి టీసీఎస్ వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. వెళ్తే కన్నవాళ్లను వదిలేసినట్టేనా?

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు మిథిలలో అంగడి నడుపుతూనే తల్లిదండ్రులను సేవించుకున్నాడు. వృద్ధులైన కన్నవాళ్లను అడక్కుండా వేదం కోసం ఇల్లు విడిచిన కౌశికుణ్ణి తిరిగి వాళ్ల దగ్గరికే వెళ్లమన్నాడు.

నాకు అర్థమైంది ఇదీ: దూరం ఒక్కటే దోషం కాదు. వాళ్ల బాగోగులు ఎవరు చూస్తారో తేల్చకుండా వెళ్లడం దోషం. అడిగి, ఏర్పాటు చేసి వెళ్లండి. చూసేవాళ్లే లేకపోతే, జీతం తగ్గినా దగ్గర్లో పని వెతుక్కోవడమే ధర్మం. పైడితల్లమ్మ అందరినీ చల్లగా చూడాలి.