భూతద్దము క్రింద ఇసుక
(కీర్తన 139:17-18)

బాసర గోదావరి ఇసుకను, భీమునిపట్నపు తీరపు ఇసుకను, గల్ఫుకు పనికి పోయిన పిల్లవాడొకడు తెచ్చిన దుబాయి సముద్రపు ఇసుకను మేము సీసాలలో దాచియున్నాము. భీమిలి నల్లరేణువులు అయస్కాంతమునకు అంటుకొనెను. దుబాయి ఇసుకలో ఆల్చిప్పల నలుసులే మెండు. నిమ్మరసము పడగానే నురగ పొంగెను. మన గోదావరి ఇసుకకు చలనమే లేదు, గట్టిది సుమా!

మొన్న ఆ పిల్లవాని తల్లి వచ్చినది. అయిదు మాసములుగా కుమారుని కబురు లేదట. “అంతమందిల నా కొడుకును ఎవలు గుర్తుపడ్తరు అయ్యగారూ?” అని ఏడ్చెను. మాకు జవాబు తోచలేదు. భూతద్దము ఆమె చేతికిచ్చితిమి. చాలసేపు చూచి, “ఒకదానిలెక్క ఇంకొకటి లేదు” అనెను. దేవుని తలంపులు ఇసుకకంటె ఎక్కువని దావీదు చెప్పిన వచనములు ఆమెకు చదివి, కుమారుని పేరు పెట్టి ప్రార్థించితిమి.

ఇంకను కబురు రాలేదు. మీరును ప్రార్థించుడి.