చేతిపనియు నిరాడంబర జీవనమును

మానవునకు కావలసినవి కూడు, గుడ్డ, గూడు అని మన పెద్దలు మూడు మాటలలో చెప్పిరి. వీనిలో గుడ్డ దేహము నంటిపెట్టుకొని, పుట్టిననాటి పొత్తిళ్ళు మొదలు కడపటి వస్త్రము వఱకు మనతోడనే నడచును. కావుననే చేతితో నేసిన కంబళిని గూర్చియు, చేతితో కుట్టిన బొంతను గూర్చియు మాటలాడునప్పుడు మన కంఠమున ఒక ఆర్ద్రత తొణికిసలాడును. ఆ ఆర్ద్రత సత్యమైనదేనా? లేక పరుల పేదఱికమును దూరమునుండి చూచి మురియుటయా? ఇది విచారింపదగిన ప్రశ్న.

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా కర్ణాటకమున చేరినదైనను, దాని సరిహద్దులలో పెక్కుభాగము ఆంధ్రదేశమునే తాకుచున్నది. రాయచెర్లు మొదలైన పల్లెలుగల ఆ సీమలో తెలుగు కన్నడములు అక్కచెల్లెండ్రవలె కలిసి బ్రతుకుచున్నవి. మనము బొంత యన్నదానినే కన్నడిగులు కౌది యందురు. కంబళి యన్నమాట ఇరువురకును ఒక్కటే. వానలు చాలని నేల అది. వేరుసెనగ పైరును, గొఱ్ఱెల మందలును అచటి జనులకు ఆధారములు. అట్టిచోట నిరాడంబరత వేదాంతమువలన గాక అవసరమువలన అలవడినది.

కంబళి పుట్టుకను చూడుడు. దక్కను గొఱ్ఱెకు ఏడాదికి రెండుమారులు ఉన్ని కత్తిరింతురు. ఆ ఉన్నిని ఏకి, స్త్రీలు నూలుగా వడకుదురు. పడుగును వీథిలో బారుగా సాచి, చింతగింజల గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టుదురు. పిమ్మట గుంతమగ్గముపై నేయుదురు. కాపరి, వడకు స్త్రీ, గంజి పట్టించువాడు, నేయువాడు – ఇందఱి చేతులు కలిసినగాని ఒక్క కంబళి కాదు. అది వానకు గొడుగు, చలికి కప్పు, అలసినవానికి పఱపు. కురుబవారి శుభకార్యములలో కంబళి పఱచి, దానిని గౌరవపీఠముగా నెంచుదురు. ఒంటరిగా పుట్టని వస్తువు కావుననే అది నలుగురు కూడినచోట మర్యాదస్థానము పొందినది.

బొంత కథ మఱియొక తీరు. అది చాలవఱకు అంగడికై గాక ఇంటివాడుకకై పుట్టునది. నాలుగైదు పాత నూలుచీరలను పొరలు పొరలుగా పఱచి, చినిగినచోట అతుకులు వేసి, పెద్దసూదితో అంచునుండి లోపలికి వరుసలు తీర్చుదురు. వేసవిలో పొలముపని లేని మధ్యాహ్నములందు ఇరుగుపొరుగు స్త్రీలు ఒకరి బొంతకు మఱియొకరు చేయి సాయము చేయుట పల్లెటూళ్ళ వాడుక. అమ్మమ్మ కట్టిన చీర, మేనత్త పెట్టిన చీర, చిరిగిపోయిన పంచె – ఇవన్నియు ఒక్క బొంతలో చేరి ఆ యింటి చరిత్ర యగును.

ఇందులోని ఊఱట యెట్టిది? దుఃఖమును ముఖాముఖిగా కూర్చుండి చెప్పుకొనుట కష్టము. చేతులు పనిలో నుండి, చూపు సూదిమీద నిలిచియున్నప్పుడు మనసులోని మాట తనంతట తానే వెలికివచ్చును. బాకీల దిగులు, కాపురపు చిక్కు, బిడ్డల జబ్బు – ఏదైనను సరే, వినువారు ఉపదేశము చేయనక్కఱలేదు. ‘ఊఁ’ కొట్టుచు కుట్టు సాగించిన చాలును. మాట ముగియునప్పటికి బరువు తగ్గును, బొంతయు ఒక జానెడు పెరుగును. దుఃఖించుదానికి తాను పనికిరానిదానను కానని ఆ జానెడు కుట్టే సాక్ష్యము చెప్పును.

అయినను ఒక ఆక్షేపణ కలదు. దానిని దాచుట ధర్మము కాదు. ‘గంతకు తగ్గ బొంత’ అని మన సామెతయే బొంతను ఎగతాళి చేసినది. లేమివలన పుట్టిన వస్తువును కలిమిగలవారు కళయని పొగడుట సులభము. అదే తాలూకాలోని వై.ఎన్. హొసకోటలో పట్టుచీరలు నేయు మగ్గములు కలవు. పొరుగున ధర్మవరము పట్టునకు ప్రసిద్ధి. ఆ ధర్మవరమున అప్పుల బాధకు తాళలేక ప్రాణములు తీసికొన్న నేతగాండ్రును కలరు. పట్టు నేసినవాని యింట కూటికి కఱవైనప్పుడు, అతని బ్రతుకును నిరాడంబర జీవనమని కొనియాడుట కంటె క్రూరమైన పరిహాసము వేఱొకటి యున్నదా?

1921 సెప్టెంబరు 22వ తేదీన మధురలో గాంధీమహాత్ముడు కొల్లాయిగుడ్డ ధరించెను. ఆ గుడ్డ గొప్పతనమంతయు ఆయన దానిని కోరి యెన్నుకొనుటలో నున్నది. అంతకుముందే కొల్లాయిగట్టిన కోట్లజనులకు ఆ యెన్నిక లేదు. తనకై కోరుకొన్న కొఱత వ్రతము. పరునిపై పడిన కొఱత అన్యాయము. ఈ రెండింటిని ఒక్క పేరుతో పిలిచితిమా, మన సౌందర్యదృష్టియే పాపమునకు తెర యగును.

అట్లని చేతిపనిని పూర్వకాలపు అవశేషమని త్రోసివేయుటయు సరికాదు. నేడు మాంసమునకు వెల హెచ్చి, ఉన్నికి వెల పడిపోగా, ఉన్ని లేని జాతి గొఱ్ఱెలను పెంచువారు హెచ్చిరి. కత్తిరించిన ఉన్నిని పారవేయు కాపరులును ఉన్నారు. 2018లో పావగడ తాలూకాలోని తిరుమణి ప్రాంతమున దాదాపు 13,000 ఎకరములలో సౌరవిద్యుత్ క్షేత్రము ప్రారంభమైనది. రైతులకు కౌలు వచ్చుచున్నది, దేశమునకు వెలుగు వచ్చుచున్నది. కాని మందలకు మేతనేల తగ్గినది. నూలుచీరకు బదులు పాలియెస్టరు చీర వచ్చినది. అది చెమట పీల్చదు, బొంతలో ఒదుగదు. ఈ మార్పులలో దేనిని నిందించియు ప్రయోజనము లేదు. ఆ కంబళితో, ఆ బొంతతో పోయిన సాంగత్యమును మరల ఎట్లు కూర్చుకొందుమన్నదే ప్రశ్న.

ఇందులకు కర్ణాటకమునందే ఒక దారి కనబడుచున్నది. సాగర సమీపమున హెగ్గోడు ప్రాంతములో నాటకకర్త ప్రసన్న ప్రోత్సాహమున ‘చరక’ యను స్త్రీల సహకారసంస్థ వెలసినది. పల్లె స్త్రీలు అచట అద్దకము, నేత, కుట్టుపనులు కలసి చేసి వేతనము పొందుచున్నారు. 2017లో చేతి ఉత్పత్తులపై పన్ను వలదని ప్రసన్న సత్యాగ్రహమును సాగించిరి. అచట సాంగత్యమును కలదు, కూలియును కలదు. ఒకదానికై రెండవదానిని వదలుకొనలేదు.

కావున నిరాడంబరత నేయువాడు ఆచరింపవలసిన ధర్మము కాదు. ముందుగా కొనువాడు ఆచరింపవలసినది. పదింటికి బదులు రెండు గుడ్డలు కొనవలెను. ఆ రెండింటికి బేరమాడక, వానిలోని దినములకు తగిన వెల యీయవలెను. చినిగినచో అతుకు వేసి, చీకినచో బొంతగా మార్చి, కడదాక వాడవలెను. అప్పుడు మన కొఱత మఱియొకని కూడగును. ఊరు విడిచి దూరనగరములలో స్థిరపడిన తెలుగువారమైన మనకు ఇది అసాధ్యము కాదు. మన సంఘములలో ఉపన్యాసములు వినుటకు కూడుచున్నాము. నెలకొక మధ్యాహ్నము పాతచీరలు తెచ్చుకొని, సూదిదారములతో కూర్చుండుటకు కూడరాదా? పురుషులును సూది పట్టవచ్చును. అందులో చిన్నతనమేమియు లేదు. ఆ బొంత ఏ పసిబిడ్డకు పఱచినను, దానిపై పడుకొనునది నలుగురి చేతుల వెచ్చదనముపైననే.