ఆ పేలుడు ఎవరి కోసం?

జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 మీద అర్ధరాత్రి స్పోర్ట్స్ కార్ల వెనక నుంచి వచ్చే ఆ టపాకాయల మోతకీ ఇంజన్ బలానికీ ఏ సంబంధమూ లేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మామూలుగా పెట్రోల్ ఆగిపోతుంది. ట్యూనింగ్ చేసేవాళ్లు ఈసీయూలో, అంటే ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్‌లో, కొన్ని అంకెలు మారుస్తారు. కాలు తీసినా పెట్రోల్ పడుతూనే ఉంటుంది, స్పార్క్ ఆలస్యంగా వస్తుంది. సిలిండర్‌లో కాలాల్సింది ఎగ్జాస్ట్ గొట్టంలో కాలుతుంది. కారు వేగం పిసరంత కూడా పెరగదు.

కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి నాదో పక్షపాతం ఉంది. కొనుక్కున్న వస్తువుని విప్పి చూసే హక్కు, మార్చుకునే హక్కు మనిషికి ఉండాలి. టర్బో ఇంజన్‌లో బూస్ట్, ఇగ్నిషన్ టైమింగ్ సవరించి, కంపెనీ వాడకుండా వదిలేసిన బలాన్ని బయటికి లాగడం నిజంగా అందమైన పని. మన చట్టం అంత రసికురాలు కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దానిమీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చొద్దంటాయి. 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. (కోట్లు పోసి కొన్న కారుకి అయిదు వేలు!)

నాకు మాత్రం కంపెనీ ఎలా ఇచ్చిందన్నది ముఖ్యం కాదు. మార్పు ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నదే ముఖ్యం. బూస్ట్ పెంచి ఇంజన్ పాడుచేసుకుంటే నష్టం ఓనర్‌దే, వారంటీ పోయేదీ అతనిదే. కెటలిటిక్ కన్వర్టర్ పీకేస్తే? కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్ ఆవిరి వెనకాల బైక్ మీద ఉన్నవాడికి, ఫుట్‌పాత్ మీద బజ్జీల బండివాడికి. ఓనర్ అద్దాలెత్తుకుని ఏసీలో ఉంటాడు.

మోత సంగతి ఇంకా విచిత్రం. పెళ్లి బరాత్‌లు, డీజేలు, నాయకుల సైరన్లు ఉన్న ఊళ్లో మా కార్లే దొరికాయా అని ఓ మిత్రుడు అడిగాడు. తీసిపారేసే మాట కాదు. అయినా అవి తప్పు కాదని నేనెప్పుడన్నాను? ఇళ్లున్నచోట రాత్రిపూట పరిమితి 45 డెసిబెల్స్, అది బరాత్‌కీ వర్తిస్తుంది. డ్రైవర్‌కి ఆ చప్పుడే ఇష్టమంటారా, స్పీకర్ల ద్వారా ఇంజన్ శబ్దం కారు లోపలే వినిపించే ఏర్పాటు బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలు ఎప్పుడో చేశాయి. దాంతో సరిపోదు, ఎందుకంటే బయటివాళ్లు వినాలి. ఫిల్మ్‌నగర్‌లో తెరమీది కారుకి మోత తర్వాత అతికిస్తారు; టికెట్ కొన్నవాడే వింటాడు. ఇక్కడ టికెట్ కొనని వాచ్‌మన్, పొద్దున్నే డ్యూటీకెళ్లాల్సిన నర్సు ప్రేక్షకులు. వాళ్లు లేకపోతే షో లేదు.

పోలీసులు రోడ్ రోలర్‌తో సైలెన్సర్లు తొక్కించిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. నేను చూసినవన్నీ బైకులవే. ఈసీయూలో ఉన్నదాన్ని ఏం తొక్కిస్తారు? లాప్‌టాప్ తగిలించి పాత ఫైలు మళ్లీ ఎక్కిస్తే, కాసేపట్లో కారు షోరూమ్‌లోంచి వచ్చినట్టే ఉంటుంది.