వేయించిన తీపి – నింద ఎవరిది?

స్కాట్లండులోని స్టోన్‌హేవెన్ అను సముద్రతీరపు పట్టణమున, చేపలు వేయించి అమ్మెడి ఒక దుకాణములో 1990 తరువాతి తొలి సంవత్సరములలో ఒక వింత భక్ష్యము పుట్టినదని ప్రసిద్ధి. మార్స్ అను చాక్లెట్ కడ్డీని చల్లబరచి, చేపలకై కలిపిన పిండిలో ముంచి, కాగిన నూనెలో వేయుదురు. పై పొర కరకరలాడును, లోపలి తీపి కరగిపోవును. 1995లో ఆబర్డీన్ పత్రిక యొకటి దీనిని ప్రకటింపగా లోకము నవ్వినది. ఆ నవ్వు క్రమముగా ఆ జాతిపైకే మళ్ళినది. బెల్లపు పాకపు అరిసెను నూనెలో వేయించుకొని తినెడి మనకు ఆ నవ్వు తగునా?

అరిసె పండుగకు మాత్రమే వచ్చునందురు. సరియే, కాని మిఠాయి దుకాణమునకు తిథులు తెలియవు.

2004లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వచ్చిన పరిశీలనలో, బదులిచ్చిన దుకాణములలో 22 శాతము ఈ కడ్డీని అమ్ముచున్నట్లు తేలినది. కొనువారిలో అధికులు బాలలు! మనసు ఇచ్చటనే ఆగును. వింతకై ఒక్కమారు రుచి చూచిన బాటసారి జిహ్వను నిందింప నక్కరలేదు. మితమెరుగని ప్రాయమువానికి దానిని అందించి పైకము పుచ్చుకొను చేతినేమందుము? బాలుడడిగెను గనుక ఇచ్చితినని అతడనవచ్చును. మన ఇండ్లలో తాతలును ఈ మాటే చెప్పుచుందురు.