లెక్కవ్రాతయు కాయకమే



కాయకము అనగానే మనకు నాగలి, మగ్గము, కుమ్మరిసారె స్ఫురించును. నేటి యువకులలో అనేకుల కాయకము కంప్యూటరు ముందు సాగుచున్నది. బ్యాంకులకును, బీమా సంస్థలకును ప్రోగ్రాములు వ్రాయు కాంట్రాక్టు ఉద్యోగి తొలి సంవత్సరములను ఒక్కింత తలపోయుదము.

అతడు కూర్చుండునది బ్యాంకులో. జీతమిచ్చునది వేరొక సంస్థ. ఆరు మాసములకో, సంవత్సరమునకో గడువు ముగియును. పలుచోట్ల గుర్తింపుకార్డు రంగు సైతము వేరు. తాను వ్రాసినదానిని రేపు సవరించువాడెవరో తెలియదు. అట్టి స్థితిలో "ఎట్లో ముగించిన చాలును, పిమ్మట నేనుండబోను గదా" అను తలంపు పుట్టుట సహజము. పరీక్ష అక్కడనే ఉన్నది.

ధనపు లెక్కలో అల్పమనునది లేదు. కంప్యూటరు సాధారణముగా సున్న, ఒకటి అను రెండంకెలతోనే సంఖ్యలను దాచును. రూపాయిలో పదవవంతును ఆ పద్ధతిలో సంపూర్ణముగా వ్రాయుట సాధ్యము కాదు. అందుచేతనే తెలిసినవారు సొమ్మును పైసలలో పూర్ణసంఖ్యలుగా గాని, దశాంశ పద్ధతిలో గాని లెక్కింతురు. 1982 జనవరిలో కెనడాలోని వాంకూవరు స్టాక్ ఎక్స్ఛేంజి తన సూచీని 1000తో ఆరంభించెను. ప్రతి లెక్కలోను మూడవ దశాంశస్థానము తరువాతి భాగమును కత్తిరించి విడుచుచు వచ్చిరి. 1983 నవంబరు నాటికి సూచీ సుమారు 524కు దిగెను. సరిచూడగా, ఉండవలసినది సుమారు 1098! ఎవరును దొంగిలింపలేదు, విడిచిన చిన్నమెత్తు చేసిన పని అది.

బసవేశ్వరుడును బిజ్జలుని కొలువున భండారపు లెక్కలు చూచినవాడే. సొమ్ము జంగమార్చనకు వ్యయమగుచున్నదని కొందరు చాడీలు చెప్పగా, రాజు లెక్కింపించెననియు, భండారము సరిగానే యున్నదనియు మన పురాణగాథ. పరుల సొమ్మునకు కావలి యున్నవాడు ఏ క్షణముననైనను లెక్క అప్పగింప సిద్ధముగా నుండవలెను.

అద్దె ఇల్లు విడుచునపుడు ఊడ్చి, తాళముచెవి ఇచ్చిపోవువాడు మర్యాదస్థుడు. అటులనే గడువు ముగియు దినమున, ప్రోగ్రాములోని ప్రతి నియమమునకు కారణము వ్రాసిపెట్టి, తెలిసిన లోపములను దాచక చెప్పి వెడలువాడు కాయకము నెరవేర్చినవాడు. ఆ లెక్క ఏ వృద్ధుని పింఛనుదో, ఏ రైతు అప్పుదో! వారెన్నడును అతని పేరు నెరుగరు. పేరెరుగనివారికి చేసిన సేవయు దాసోహమే.

సంస్థల పెద్దలకును ఒక మాట: కాయకమున ఎక్కువ తక్కువలు లేవని చెప్పుకొను మనము కార్డు రంగును బట్టి మనిషిని ఎంచరాదు. గడువు ఉద్యోగమునకే గాని నిష్ఠకు లేదు.