ఒకే డబ్బాలో అవ్వా మనవడూ

దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర ముగిసిందంటే జెయింట్ వీల్ నట్లు విప్పడం మొదలైనట్టే. చెరువుగట్టు దగ్గరైనా, కురుమూర్తి దగ్గరైనా ఇదే వరస. నిన్నటిదాకా జనాన్ని ఊపిన డబ్బాలు ఒకదాని మీద ఒకటి, ఇనుప చట్రాలు కట్టలు కట్టలుగా లారీ ఎక్కి ఇంకో ఊరి తిరునాళ్ళకు బయల్దేరతాయి. మళ్ళీ జాతరకు అదే చోట వీల్ లేస్తుంది. అది పోయినసారి వచ్చిందేనా, వేరేదా అని అడిగేవాళ్ళుండరు. రంగు మారితే మారింది. పక్కన కొత్తగా బ్రేక్ డ్యాన్సో కొలంబసో వస్తే వచ్చింది. రాట్నం మారిందని నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎవరూ దిగులు పడి కూర్చోలేదు.

దిగులు పడినవాళ్ళు ఫ్లోరిడాలో ఉన్నారు. అక్కడి డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1992లో మొదలైన ‘స్ప్లాష్ మౌంటెన్’ 2023 జనవరిలో మూతపడింది. దుంగలాంటి పడవలో కూర్చోబెట్టి, కాలవ వెంట మెల్లగా తిప్పి, చివర పైనుంచి నీళ్ళలోకి ఒక్కసారిగా జార్చే రైడ్ అది. ఆఖరి రోజుల్లో జనం గంటల తరబడి వరసలో నిలబడ్డారు. ఆ కాలవ నీళ్ళను సీసాల్లో పట్టి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవాళ్ళు కూడా తేలారు. గంగాజలాన్ని చెంబుల్లో మూసి ఇంటికి తెచ్చుకునే దేశంలో పుట్టినవాళ్ళకు ఇదేమంత వింతగా తోచకపోవచ్చు.

2024 జూన్‌లో అదే కాలవ మీద, అదే జారుడుతో, టియానా రాకుమారి కథ చుట్టూ అల్లిన కొత్త రైడ్ తెరిచారు. పాతదానికి ఆధారం 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ సినిమా. తోటల్లో నల్లజాతివారి బతుకును లేని తీపితో చూపించిందని ఆ సినిమా మీద దశాబ్దాలుగా విమర్శ ఉంది. టియానా డిస్నీ కథల్లో మొదటి నల్లజాతి రాకుమారి. కథ మార్చడంలో తప్పు పట్టడానికేమీ లేదు. అయినా ఏడ్చినవాళ్ళ ఏడుపు అబద్ధం కాదు. పడవా కాలవా జారుడూ అన్నీ అక్కడే ఉన్నాయి, మరి పోయిందేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి తెలంగాణలోని ఆలేరుకు ఆరేడు కిలోమీటర్ల దూరంలోనే ఒక పాత దారి ఉంది. కొలనుపాక జైన క్షేత్రంలో మాణిక్యస్వామిగా కొలిచే ఋషభనాథుడు, పచ్చరాతి మహావీరుడు ఉన్నారు. జైనుల తత్త్వం ప్రకారం ఉన్నదనిపించుకునే ప్రతిదీ పుడుతూ, నశిస్తూ, నిలుస్తూ ఉంటుంది. ఈ మూడూ ఒకే క్షణంలో జరుగుతాయి. దీన్ని వివరించడానికి సమంతభద్రాచార్యుడు ‘ఆప్తమీమాంస’లో బంగారు కుండ ఉదాహరణ తెచ్చాడు. కుండను కరిగించి కిరీటం చేశారు. కుండ కావాలనుకున్నవాడు ఏడ్చాడు, కిరీటం కావాలనుకున్నవాడు మురిశాడు, బంగారమే కావాలనుకున్నవాడు ఏడవనూ లేదు, మురవనూ లేదు.

పార్కుల సంగతికి దీన్ని అన్వయిస్తే ముగ్గురూ ఇట్టే దొరుకుతారు. చిన్నప్పుడు ఎక్కిన రైడ్ కోసం వచ్చే నలభై ఏళ్ళవాడిది కుండ దుఃఖం. పదమూడేళ్ళ పిల్లాడిది కిరీటం సంబరం. గేటు దగ్గర టికెట్ల లెక్క చూసుకునే యాజమాన్యానిది బంగారం చూపు. అప్పుడప్పుడూ ఆ బంగారమే పోతుంది. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో 1984 నవంబర్‌లో తెరిచిన అప్పూఘర్ దేశంలో మొదటి అమ్యూజ్‌మెంట్ పార్కుగా పేరుపడింది. 1982 ఏషియాడ్ ఏనుగు పిల్ల ‘అప్పూ’ పేరే దానికి పెట్టారు. 2008 ఫిబ్రవరిలో అది మూతపడింది. సుప్రీంకోర్టు విస్తరణకు, మెట్రోకు ఆ స్థలం కావాల్సి వచ్చింది. అక్కడ పాత రైడ్ పోయి కొత్త రైడ్ రాలేదు. రైడ్ అన్నదే పోయింది.

జాతరలో ఎవరూ ఎందుకు ఏడవరో కూడా ఇక్కడే తేలుతుంది. జాతర వీల్ ఉండిపోతానని ఎన్నడూ మాట ఇవ్వలేదు. పార్కు ఇచ్చింది. సిమెంటు పునాది పోసి, పేరు చెక్కి, బొమ్మలమ్మి, ‘మీ పిల్లల్ని కూడా తీసుకురండి’ అంటూ జ్ఞాపకాన్నే సరుకు చేసింది. అమ్మినవాడే ఆ సరుకును వెనక్కి తీసుకుంటే కొన్నవాడికి కడుపు మండడం సహజం. జాతరకు వెళ్ళేవాడికి గుర్తుండేది మాఘమాసం, గట్టు, దుమ్ము, బొంగు పేలాలు. ఇనుము ఎవరిదైతే ఏమిటి?

నాంపల్లి నుమాయిష్ ఈ రెంటికీ నడుమ ఉంటుంది. ఉస్మానియా పట్టభద్రులు సంస్థానపు స్థానిక ఉత్పత్తుల్ని చూపించడానికి 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో దాన్ని మొదలుపెట్టారు. ఏడో నిజాం ప్రారంభించాడు. 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ఆలేరు నుంచి కాజీపేట లైన్ మీద రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి సిటీ బస్సు పట్టుకుని నుమాయిష్ చూసి రావడం మూడు తరాలకు అలవాటు. ఇప్పుడు గాంధీభవన్ దగ్గర మెట్రో దిగితే చాలు. 2019 జనవరి 30 రాత్రి మంటల్లో దుకాణాల వరసలే కాలిపోయాయి, కరోనా మూలంగా 2021లో నుమాయిష్ జరగలేదు. అయినా జనవరి వచ్చేసరికి జనం మళ్ళీ అటే. రైడ్లు ఏటికేడు మారుతున్నా ‘మా నుమాయిష్ పోయింది’ అనే మాట అంతగా వినపడదు.

ఇంతవరకు కుండదీ కిరీటానిదీ సమ ఉజ్జీ వాదమే. కానీ సమంతభద్రుడి ఉదాహరణలో నాలుగో మనిషి లేదు. కుండ కోసం కాక, దాంతో నీళ్ళు తాగడానికి వచ్చిన మనిషి. కుండతో ఇంటిల్లిపాదికీ నీళ్ళు పోయొచ్చు. కిరీటం ఒక్క నెత్తికే పడుతుంది.

ఆ నాలుగో మనిషి ఎవరో చూడాలంటే ఏ పెద్ద పార్కులోనైనా రోలర్ కోస్టర్ దిగువన ఉన్న బెంచీ దగ్గరికి పోవాలి. రావిర్యాల వండర్‌లా 2016 ఏప్రిల్‌లో తెరుచుకుంది. ముందుకు ఉరికి, తలకిందులై, మళ్ళీ వెనక్కి అదే దారిన ఉరికే ‘రీకాయిల్’ అక్కడ ఎక్కువమంది నోట వినపడే పేరు. రైడ్ ముందు ఎత్తు కొలిచే గీత ఉంటుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కకూడదన్న బోర్డు ఉంటుంది. అవన్నీ ఉండాల్సినవే. ఫలితం మాత్రం ఒకటే: గీతకు అందని చిన్నోడు ఒకవైపు, గీత దాటినా మోకాళ్ళు సహకరించని అవ్వ ఇంకోవైపు మిగిలిపోతారు. ‘నువ్వు పో బిడ్డా, సంచులు నేను చూసుకుంట’ అనే మాట ఆ బెంచీ మీద రోజుకు ఎన్నిసార్లు వినపడుతుందో.

జెయింట్ వీల్ డబ్బాలో ఇలా విడిపోవడం ఉండేది కాదు. అవ్వ పైకి లేస్తున్నకొద్దీ ‘అయ్యో నాయనా’ అంటూ కొంగు నోట్లో కుక్కుకునేది, మనవడు కావాలని డబ్బాను ఊపేవాడు, నడుమ తల్లి ఇద్దర్నీ కసిరేది. భయం ముగ్గురికీ ఒక్కటే, కాకపోతే పాళ్ళు వేరు. టాయ్ ట్రైన్ కూడా అంతే. కొత్త రైడ్‌లో భయం చాలా ఎక్కువ, నిజమే, కానీ అది ఒంటరి భయం. భుజాల మీద ఇనుప పట్టీ పడ్డాక పక్కవాడి మొహమైనా సరిగా కనపడదు. దిగాక ఫొటో కొనుక్కుని చూడాలి.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనే ఆ తర్వాత జరిగిన ఇంకో మార్పును ఈ కోణంలో చూస్తే తేడా స్పష్టమవుతుంది. ‘రివర్స్ ఆఫ్ అమెరికా’ అనే కృత్రిమ నదిని, దానిలో తిరిగే ఆవిరి పడవను, మధ్యనున్న టామ్ సాయర్ దీవిని 2025 జులైలో మూసేశారు. అక్కడ ‘కార్స్’ సినిమా ఆధారంగా కొత్త రైడ్లు కడుతున్నారు. స్ప్లాష్ మౌంటెన్ మార్పులో ఎక్కేవాళ్ళ వరస మారలేదు; 40 అంగుళాల ఎత్తు నిబంధన అప్పుడూ ఇప్పుడూ అదే. పోయింది కథ, ఆ కథ పోవడమే మంచిది. ఆవిరి పడవ అలా కాదు. ఎత్తు కొలిచే పని లేదు, పట్టీలు లేవు. అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళి, వాళ్ళతో పాటు ఓర్లాండో పోయిన తెలంగాణ తల్లిదండ్రులు హాయిగా కూర్చోగలిగిన కొద్ది చోట్లలో అదొకటి. మొదటి మార్పుకు వచ్చినట్టే రెండోదానికీ గోల వచ్చింది కాని, న్యాయమైన ఫిర్యాదు మాత్రం రెండోదే.

పాతదంతా బంగారమని దీనర్థం కాదు. జాతరల్లో బోల్టులు ఎవరు ఎప్పుడు బిగించారో తెలియకుండా తిరిగే చక్రాల్ని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర లోలకంలా ఊగే రైడ్ విరిగిపడి మనుషులు చనిపోయారు. ఇనుము అలసిపోతుంది, విడిభాగాలు దొరకవు, తయారుచేసిన కంపెనీలే మూతపడతాయి. ఏ యంత్రమైనా దిగిపోవాల్సిందే. జెయింట్ వీల్స్ అన్నిటికీ మూలపురుషుడైన ఫెర్రిస్ చక్రమే మిగల్లేదు. 1893 షికాగో ప్రదర్శనలో 264 అడుగుల ఎత్తున లేచిన ఆ చక్రానికి 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది పట్టేవారు. 1906లో సెయింట్ లూయిస్‌లో డైనమైట్ పెట్టి పేల్చేశారు, పాత ఇనుము కింద లెక్కగట్టి. 1897 నాటి వియన్నా చక్రం 1944లో యుద్ధంలో కాలిపోతే, తిరిగి కట్టినప్పుడు 30 పెట్టెలకు బదులు 15 మాత్రమే తగిలించారు. సగం పెట్టెల్తోనే అది ఆ ఊరి గుర్తుగా నిలిచింది. ఎక్కే కుటుంబాలకు ఆ సగం లోటేమీ కాలేదు.

ఆలేరువాళ్ళకు మార్పంటే దగ్గర్లోనే ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. గుడికీ రాట్నానికీ పోలిక పెట్టడం సబబు కాదు. కాని ఏది ఉంచాలి, ఏది మార్చాలి అన్న ప్రశ్న రెండుచోట్లా వస్తుంది. యాదగిరిగుట్ట ఆలయాన్ని కృష్ణశిలతో పునర్నిర్మించి 2022 మార్చి 28న భక్తులకు తెరిచారు. ప్రాకారాలు, మండపాలు, గోపురాలు కొత్తవి. స్వయంభువులున్న గుహను మాత్రం కదల్చలేదు. పాత గుట్ట ఇరుకును, ఆ మెట్లను, ఆ తోపులాటను తలుచుకునే పెద్దలు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. ఆ ఇరుకులో పడ్డ కష్టాన్ని చెప్పేటప్పుడు వాళ్ళ మొహాల్లో కనిపించే సంతోషం చూస్తే కొత్త గుడి కట్టినవాళ్ళకు కొంచెం కోపం రావచ్చు.

గుట్టకు దగ్గర్లోనే సురేంద్రపురి ఉంది. కుందా సత్యనారాయణ తన కొడుకు సురేంద్ర పేర కట్టించిన కళాధామం. రామాయణ, భారత, భాగవత ఘట్టాలు సిమెంటు బొమ్మలుగా, ప్రసిద్ధ ఆలయాల నమూనాలుగా దారి పొడవునా ఉంటాయి. కాళ్ళు లాగేదాకా నడవాలి. కుర్రాళ్ళకు ఇందులో ఊపేమీ లేదని ఫిర్యాదు. ఆ ఫిర్యాదు నిజమే, కాని అక్కడ పాత్రలు తారుమారవుతాయి. ఎవరు ఎవర్ని చంపారో, ఎందుకు చంపారో చెప్పగలిగేది అవ్వే. సంచి మోసేది మనవడు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు కూడా ఇలాంటిదే జరుగుతుంది. గంట కొట్టేవేళకు గడ్డపు బొమ్మ మనిషి లోపల్నుంచి వచ్చి గంట మోగించి లోపలికి పోతాడు, అంతే. మధ్యాహ్నం పన్నెండుకు పన్నెండుసార్లు కొడతాడని ఆ వేళకు జనం కిక్కిరిసి కూర్చుంటారు. దాన్ని తీసి కొత్త గడియారం పెట్టమని అడిగినవాళ్ళెవరూ లేరు. అది మ్యూజియం వస్తువు కాబట్టి నిలిచిందనడం సగమే నిజం. మూడేళ్ళ పిల్లకూ ఎనభై ఏళ్ళ తాతకూ ఒకే క్షణంలో ఒకే నవ్వు తెప్పించడం మిగతా సగం.

పాత రైడ్ తీసేయొద్దని సంతకాలు సేకరించేవాళ్ళలో చాలామంది ఆ రైడ్ ఎక్కి ఏళ్ళయి ఉంటుంది. వరసలో నిలబడేది ఇంకా జ్ఞాపకాలు పోగుపడని పిల్లలు. వాళ్ళ చోటును పెద్దల బెంగ ఆక్రమించుకోవడం న్యాయం కాదు. పాతదానిలా కనిపించే కొత్తదాన్ని కట్టడం కూడా అక్కర్లేదు. పార్కువాళ్ళను అడగాల్సింది ఇంకొకటి ఉంది: తీసేసిన దాంట్లో ఎన్ని వయసులవాళ్ళు పక్కపక్కన కూర్చునేవారు, పెడుతున్న దాంట్లో ఎన్ని వయసులవాళ్ళు కూర్చుంటారు? వృద్ధులకు టికెట్ ధర తగ్గిస్తున్న పార్కులున్నాయి, సంతోషం. తగ్గిన ధరకు లోపలికి వచ్చిన మనిషి ఎక్కడానికి ఏముందో కూడా ఆ బోర్డు మీదే రాస్తే బాగుంటుంది.

ఆలేరు ఇళ్ళల్లో ఈ లెక్క ఎవరూ రాయకుండానే తేలిపోతుంది. సెలవు వచ్చి ఎటు పోదామన్న మాట లేచినప్పుడు, మొదట తేల్చుకునేది ఎవరెవరు వస్తున్నారన్నదే. పిల్లలే అయితే రావిర్యాల. అవ్వ కూడా చీర మార్చుకుంటే నాంపల్లి.